తిరుగు టికెట్టు డబ్బు పక్కన పెట్టాకే ఆల్ప్స్ కొండలు

ప్రశ్న: మేం నిజాంపేటలో ఉంటాం. మా వారికి 54 ఏళ్లు, ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజర్. జీతం చేతికి 62 వేలు వస్తుంది. ఇంటి లోను ఈఎంఐ 21,500. రెండు లక్షల చిట్టీకి నెలకు పదివేలు కడుతున్నాం, ఇరవై నెలల్లో ఏడు అయ్యాయి. ఎఫ్‌డీ 1.8 లక్షలు, 12 తులాల బంగారం ఉన్నాయి. మా పెద్దమ్మాయి జనవరిలో ఓపేర్ వీసా మీద జర్మనీ వెళ్లింది. మ్యూనిక్ దగ్గర ఒక కుటుంబంతో ఉంటూ వాళ్ల పిల్లల్ని చూసుకుంటోంది, జర్మన్ నేర్చుకుంటోంది. ఉండటం, తినడం అంతా వాళ్లింట్లోనే. నెలకు 280 యూరోలు పాకెట్ మనీ ఇస్తారు. ప్రతి శని, ఆదివారాలు ఎక్కడికో ఒక చోటికి వెళ్తుంది. మా వారి క్రెడిట్ కార్డుకు యాడ్ ఆన్ కార్డు ఇచ్చి పంపాం, నాలుగు నెలల్లో 86 వేలు వాడింది. మినిమమ్ కడుతూ వస్తున్నాం, ఇంకా 74 వేలు ఉంది. ఇప్పుడు ఆగస్టులో ఫ్రెండ్స్‌తో పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, ఇంటర్లాకెన్‌లో పారాగ్లైడింగ్ అంటూ 18 రోజుల టూర్ అంటోంది. మూడు లక్షలు కావాలి. పదివేలు అడ్వాన్స్ కట్టేశాం. బంగారం పెడితే రూపాయిన్నర వడ్డీకి ఇస్తామన్నారు. అక్కడే పార్ట్ టైమ్ చేసి తీరుస్తానంటోంది. మళ్లీ మళ్లీ రాని అవకాశం కదా, తీసుకోమంటారా?

జవాబు: వద్దమ్మా. ఆ బంగారం కదిలించకండి.

మీ ఉత్తరం ఇంత వివరంగా ఇక్కడ వేయడానికి కారణం ఉంది. విదేశాల్లో ఎవరింట్లోనైనా ఉండి చదువుకుంటున్న, పనిచేస్తున్న పిల్లల తల్లిదండ్రులు చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు. అద్దె లేదు, తిండి ఖర్చు లేదు, కాబట్టి చేతికొచ్చేదంతా తిరగడానికే అనుకుంటారు. అది చాలకపోతే ఇక్కడి నుంచి సర్దుతారు. నేను దీన్ని సరిగ్గా తలకిందులుగా చూస్తాను. మీ అమ్మాయికి పని, గది, అన్నం మూడూ ఒకే ఇంటి నుంచి వస్తున్నాయి. ఆ ఇంటితో తేడా వస్తే మూడూ ఒకే రోజు పోతాయి. హైటెక్ సిటీలో ఉద్యోగం పోయిన కుర్రాడికి కనీసం పీజీ హాస్టల్లో మంచం మిగులుతుంది. మీ అమ్మాయికి అదీ ఉండదు.

గత ఏడాది ఒక తండ్రి నా దగ్గరికి వచ్చారు. వాళ్ల అమ్మాయి కూడా ఇలాగే ఒక కుటుంబంతో ఉండేది. మంచివాళ్లే, పుట్టినరోజుకు కేకు చేసి పెట్టినవాళ్లే. కానీ ఆ భార్యాభర్తలు విడిపోయి ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. రెండు వారాల్లో వేరే చోటు చూసుకోమన్నారు. అమ్మాయి అకౌంట్లో ఉన్నది అరవై యూరోలు. అంతకు ముందు నెలలోనే బార్సిలోనా వెళ్లొచ్చింది. ఈయన రాత్రి పదకొండు గంటలకు తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసి, చివరికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి టికెట్టు కొన్నారు. అందులో అమ్మాయి తప్పేమీ లేదు, ఆ కుటుంబం తప్పు కూడా పెద్దగా లేదు. పక్కన డబ్బు లేకపోవడమే ఇంత దూరం తెచ్చింది.

ఓపేర్ ఒప్పందాల్లో మామూలుగా 14 రోజుల నోటీసు ఉంటుంది. ఆ గడువులో కొత్త కుటుంబం దొరకాలి, లేదా వెనక్కి రావాలి. మీ అమ్మాయి ఒప్పందంలో ఎన్ని రోజులని రాసుందో ముందు అడిగి తెలుసుకోండి. అప్పటికప్పుడు కొనే టికెట్టు నలభై, యాభై వేలు పలకొచ్చు. పద్నాలుగు రాత్రులు హాస్టల్లో ఉండాలంటే రాత్రికి 35 యూరోల చొప్పున 490 యూరోలు. అన్నీ కలిపి వెయ్యి యూరోలు అనుకోండి. లెక్క సులువుగా ఉండాలని యూరోకు వంద రూపాయలే వేస్తున్నాను, అసలు రేటు ఇంకాస్త ఎక్కువే. అంటే లక్ష రూపాయలు. ఈ లక్ష ఎవరూ ముట్టుకోకుండా పక్కన ఉన్నాకే మిగతా మాటలు. అమ్మాయి అకౌంట్లో ప్రస్తుతం ఎంత ఉందో మీరు రాయలేదు. నెలనెలా కార్డు గీస్తోందంటే పెద్దగా ఉండదనే అనుకుంటున్నాను.

ఇక అప్పు సంగతి. పార్ట్ టైమ్ చేసి తీరుస్తుందన్న మాట నమ్మి మీరు ముందుకెళ్తున్నారు. ఓపేర్ వీసా మీద వేరే ఉద్యోగం చేయడానికి వీల్లేదమ్మా. దొరకకుండా చేస్తానంటే, దొరికిన రోజు వీసా చిక్కుల్లో పడుతుంది, తర్వాత అక్కడ చదువుకోవాలన్నా ఆ మచ్చ అడ్డొస్తుంది. కాబట్టి ఈ మూడు లక్షలు తీర్చాల్సింది మీ వారి జీతమే. రూపాయిన్నర వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది. మూడు లక్షల మీద నెలకు 4,500. ఏడాదికి 54 వేలు. అది 540 యూరోలు, మీ అమ్మాయి దాదాపు రెండు నెలలు పిల్లల్ని చూసుకుంటే వచ్చే పాకెట్ మనీ. అసలు అలాగే ఉంటుంది. తీర్చలేకపోతే ఆ 12 తులాలు వేలానికి వెళ్తాయి. మన ఇళ్లలో బంగారం నగ మాత్రమే కాదు. రాత్రిపూట ఆసుపత్రిలో అడ్వాన్స్ కట్టమన్నప్పుడు పనికొచ్చే ఆఖరి ఆసరా. దాన్ని పారాగ్లైడింగ్‌కు తాకట్టు పెడతామంటే నేను ఊరుకోలేను.

చిట్టీ పాడుకుందామనే ఆలోచన కూడా వచ్చే ఉంటుంది. ఇప్పుడు పాడితే తగ్గింపు పెద్దగా పోతుంది, పైగా మిగిలిన 13 నెలలూ కట్టాల్సిందే. దాన్ని చివరిదాకా నడవనివ్వండి.

క్రెడిట్ కార్డు గురించి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది అక్కడే. 74 వేల మీద నెలకు మూడున్నర శాతం వడ్డీ వేస్తే 2,590. దాని మీద 18 శాతం జీఎస్టీ 466. మొత్తం 3,056. మినిమమ్ ఐదు శాతం అనుకుంటే మీరు కట్టేది 3,700. అంటే అప్పు తగ్గేది నెలకు 644 రూపాయలు! ఈలోగా అమ్మాయి ఒక్కసారి కాఫీ, రైలు టికెట్టు కొంటే ఆ 644 కూడా పోతుంది. పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీసినదానికి వడ్డీ లేని గడువు కూడా ఉండదు, గీసిన రోజు నుంచే వడ్డీ. విదేశాల్లో వాడినందుకు బ్యాంకు వేసే అదనపు ఛార్జీ (మార్కప్) మూడున్నర శాతం అనుకుంటే, దాని మీద జీఎస్టీ కలిపితే 86 వేలకు మరో మూడున్నర వేలు ఎప్పుడో పోయి ఉంటాయి. బాకీ మొత్తం మీ వారి పేరు మీదే, సిబిల్ స్కోరు పడినా ఆయనదే.

అందుకని ఈ వారమే ఎఫ్‌డీ తీసి 74 వేలూ ఒకేసారి కట్టేయండి. ఎమర్జెన్సీ ఫండ్ అని ఇంతగా చెబుతూ ఎఫ్‌డీ తీయమంటున్నారేంటి అనుకోవచ్చు. ఏడు శాతం ఇచ్చే డబ్బును పట్టుకుని నలభై శాతం దాటిన వడ్డీ కడుతూ కూర్చుంటే అది ఫండ్ కాదు, చిల్లు కుండ. కట్టాక 1.06 లక్షలు మిగులుతాయి. అందులో లక్ష ప్రస్తుతానికి అమ్మాయి తిరుగు టికెట్టుకు, హాస్టల్‌కు అని పేరు పెట్టండి. యాడ్ ఆన్ కార్డు లిమిట్‌ను టికెట్టు ధర వరకు తగ్గించి, అది అందుకోసమే అని తనకు స్పష్టంగా చెప్పండి.

అప్పుడు ఇక్కడ మీ ఇంటికి ఏం మిగిలినట్టు? ఏమీ లేదు. ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి మీకు నెలకు దాదాపు యాభై వేలు కావాలి. ఆరు నెలలకు మూడు లక్షలు. మీ దగ్గర రెండు నెలలకు సరిపడా కూడా లేకుండా యూరప్ టూర్ లెక్కలు వేస్తున్నారు. ఇప్పటిదాకా మినిమమ్‌కు పోతున్న 3,700 వచ్చే నెల నుంచి ఆర్డీలోకి మళ్లించండి. అమ్మాయి నెలకు వంద యూరోలు అక్కడే దాస్తూ వస్తే, మీరు తన పేరు పెట్టిన లక్ష నెలకు పదివేల చొప్పున మళ్లీ మీ ఇంటిదవుతుంది. పదమూడు నెలల తర్వాత చిట్టీ డబ్బు వచ్చి చేరితే మూడు లక్షలు దాటుతారు. అప్పటిదాకా కొత్త ఖర్చు, కొత్త అప్పు ఏదీ పెట్టుకోవద్దు.

మీ అమ్మాయి తిరగకూడదని మాత్రం నేను అనను. ఇరవైల్లో ఆల్ప్స్ కొండల పక్కన ఏడాది ఉండే అవకాశం వచ్చింది, గదిలో కూర్చుంటే నాకూ బాధే. వారానికి ఒకటిన్నర రోజు సెలవు, ఏడాదికి నాలుగు వారాల సెలవు తన హక్కు. 280లో వంద దాచమనండి. డాయిచ్‌లాండ్ టికెట్టు (జర్మనీ అంతటా లోకల్, రీజనల్ రైళ్లలో తిరిగే నెల పాస్) 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. కొన్ని కుటుంబాలు అది తామే కొనిస్తాయి, మర్యాదగా ఒకసారి అడగడంలో తప్పు లేదు. ఫోనుకు ఒక పదిహేను తీసేస్తే ఇంకా వంద మిగులుతుంది. మ్యూనిక్‌లో ఉన్నవాళ్లకు ఆ టికెట్టు ఒక వరం. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా చెల్లుతుంది. గార్మిష్, న్యూరెంబర్గ్, సరస్సు ఒడ్డున ఉన్న లిండావ్, నోయిష్వాన్‌స్టైన్ కోటకు దగ్గర్లో ఉన్న ఫ్యూసెన్, అన్నిటికీ రైలు ఖర్చు అందులోనే. కోట లోపలికి టికెట్టు కొనకపోయినా ఎదురుగా ఉన్న వంతెన మీద నుంచి చూడొచ్చు. మ్యూనిక్‌లో పినకోటెక్ చిత్రకళా మ్యూజియంలు ఆదివారం ఒక్క యూరోకే. డబ్బాలో పులిహోర పెట్టుకుని వెళ్తే రోజంతా పది యూరోలు కూడా కావు. ఖర్చు పెరిగేది జర్మనీలో అన్నిటికంటే ఎత్తయిన కొండ జుగ్‌స్పిట్జ్ కేబుల్ కార్ లాంటివాటి దగ్గర, అది ఒక్కటే 70 యూరోలు దాటుతుంది. సంవత్సరానికి ఒకసారి అలాంటిది ఎంచుకోమనండి. ఒక జాగ్రత్త: ఈ టికెట్టు లోకల్, రీజనల్ రైళ్లకే. దూరప్రాంతాలకు వేగంగా వెళ్లే ఐసీఈ రైలు ఎక్కితే జరిమానా 60 యూరోలు, లేదంటే ఆ రైలు ఛార్జీకి రెట్టింపు.

ఆగస్టులో 18 రోజుల టూర్ బదులు ప్రాగ్‌కో వియన్నాకో బస్సులో నాలుగు రోజులు. అంతే. ఆ కుటుంబం సెలవులకు ఎక్కడికైనా వెళ్తూ తననూ రమ్మంటే ఇంకా మంచిది. లండన్ మాట వస్తే దానికి వేరే వీసా కావాలని గుర్తుంచుకోండి.

ఇన్సూరెన్స్ గురించి గట్టిగా చెప్పాలి. ఆతిథ్యం ఇచ్చే కుటుంబం ఆరోగ్య, ప్రమాద, లయబిలిటీ (తన వల్ల ఇతరులకు నష్టం జరిగితే ఇచ్చే) బీమా తీయాలి, తీసే ఉంటారు. కానీ దాని పరిధి ఏంటి? జర్మనీ దాటితే వర్తిస్తుందా? స్కీయింగ్, పారాగ్లైడింగ్‌లో దెబ్బ తగిలితే ఇస్తారా? కొండ మీద నుంచి హెలికాప్టర్‌లో దింపాల్సి వస్తే? ఇంటర్లాకెన్ స్విట్జర్లాండ్‌లో ఉంది, అది యూరోపియన్ యూనియన్‌లో లేదు, వైద్యం ఖరీదు ఎక్కువ. హెలికాప్టర్ రెస్క్యూ బిల్లు వేల యూరోల్లో ఉంటుంది. ఆ ఒక్క బిల్లు మీ 12 తులాలను ఒక్క రోజులో తాకట్టు దుకాణానికి పంపగలదు. కొండల్లో తరచూ నడిచేవాళ్లు జర్మన్ ఆల్పైన్ క్లబ్‌లో చేరతారు, సభ్యత్వంతోనే రెస్క్యూ ఖర్చుకు బీమా కలిసి వస్తుంది. మీ అమ్మాయికి అది సరిపోతుందో లేదో కాగితం చదివి చూసుకోమనండి. చదవకుండా కొండ ఎక్కొద్దు.

మీ వారి సంగతి కూడా చెబుతాను, మీరు అడగకపోయినా. ఆయన బీమా గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట లేదు. ఉన్నది కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీ ఒక్కటే అయితే, రిటైరైన రోజుతో అది ఆగిపోతుంది. సొంత పాలసీలో ముందు నుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ (క్లెయిమ్ ఇవ్వని గడువు) పెట్టొచ్చు. 54లో తీసుకుంటే 57కు ఆ గడువు పూర్తవుతుంది, ఉద్యోగం ఉండగానే. 58లో తీసుకుంటే 61 దాకా జేబులోంచే. బీపీ, షుగర్ లాంటివి ఏమైనా ఉంటే దాచకుండా రాసి ఇవ్వండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు.

ఓపేర్ గడువు అయ్యాక అక్కడే డిగ్రీ చదువుతానంటే, ఖర్చులకు ముందే వేసి నెలనెలా కొంతే తీసుకోగలిగే బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు చూపించాల్సి వస్తుంది. అంటే మన రూపాయల్లో పన్నెండు లక్షల దాకా. ఆ మాట తనతో ఇప్పుడే మాట్లాడండి, ఆగస్టు టూర్ తర్వాత కాదు.

కట్టిన పదివేల అడ్వాన్స్ వెనక్కి ఇవ్వమని ఆ ఏజెంటును ఈమెయిల్‌లో అడగండి, ఫోన్‌లో కాదు. కొంత కోసుకుని ఇస్తే తీసుకోండి. అసలే ఇవ్వకపోతే, పదివేలు పోయాయి కాబట్టి మిగతా 2.9 లక్షలు కూడా కట్టేద్దాం అని మాత్రం అనుకోకండి. ఈ ఆదివారం వీడియో కాల్‌లో అమ్మాయిని మూడు అడగండి: అకౌంట్లో ఇప్పుడు ఎంత ఉంది, ఒప్పందంలో నోటీసు ఎన్ని రోజులు, ఇన్సూరెన్స్ కాగితం ఫొటో. కాగితం జర్మన్‌లో ఉంటుంది. తను నేర్చుకుంటున్న భాషే కదా, మీకు చదివి వినిపించమనండి.