రెండు వేలకైనా పది వేలకైనా ముందు భుజం కుట్టు చూడండి

అమలాపురం నుంచి కాకినాడకు ఉద్యోగానికి వెళ్తున్న 23 ఏళ్ల అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది. ఆఫీసులో ఫార్మల్సే వేసుకోవాలన్న నియమం లేదట, కానీ నలుగురిలో శుభ్రంగా కనపడాలి. ఇప్పుడు చేతిలో 2,000 ఉన్నాయి. జీతం అందుకున్నాక 5,000, సంక్రాంతికి 10,000 దాకా పెట్టగలడు. ఏవి ముందు కొనాలి, ఏవి తర్వాత?

నేను రాజమండ్రి తాడితోటలో ఒక బట్టల కొట్టులో నాలుగేళ్లు పనిచేశాను. తానులు దించడం, మీటర్లు కొలవడం, ముక్క చింపి ఇవ్వడం నా పని. ఇప్పుడు తణుకులో వేరే ఉద్యోగం చేసుకుంటున్నా, ఎవరి చొక్కా చూసినా కళ్లు ముందు భుజం కుట్టు మీదికే పోతాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

డబ్బు పెరిగితే జతలు పెరగాలి అంతే. ఒంటికి పట్టే తీరు మాత్రం 2,000 రోజున ఎలా ఉందో 10,000 రోజునా అలాగే ఉండాలి. ఆ తీరు రెండింటి మీద ఆధారపడి ఉంటుంది. ఒకటి గుడ్డ, రెండోది దర్జీ.

ముందు గుడ్డ సంగతి. మన కోనసీమ ఉక్కపోత మీకు నేను చెప్పక్కర్లేదు. అమలాపురంలో బస్సెక్కి ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా కాకినాడలో దిగేసరికి, పొద్దున ఇస్త్రీ చేసుకున్న చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంటుంది. పత్తి గుడ్డ గాలిలోంచి పట్టుకునే తేమ దాని బరువులో సుమారు 8 శాతం ఉంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. అందుకే పాలిస్టర్ చొక్కాలో చెమట గుడ్డలోకి పోకుండా ఒంటి మీదే నిలుస్తుంది. నలగదు, త్వరగా ఆరుతుంది, రంగు పోదు, అన్నీ నిజమే. కానీ మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు ఆ సుగుణాలేవీ ఆదుకోవు.

ఈ విషయం నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. కొట్టులో చేరకముందు, వేరేచోట అందుకున్న మొదటి జీతంతో ఒక పెద్ద షోరూములో 1,400 పెట్టి నల్లటి చొక్కా కొన్నాను. కాటనేనని గట్టిగా చెప్పి ఇచ్చారు. మా పెదనాన్నగారి అబ్బాయి నిశ్చితార్థానికి అది వేసుకుని కోటిపల్లి రేవులో గోదావరి దాటే పంటు ఎక్కాను. ముక్తేశ్వరం ఒడ్డున దిగేసరికి చంకల కింద, వీపు మీద తెల్లటి ఉప్పు చారలు తేలాయి. ఆ రోజంతా ఫోటోలకు పిలిస్తే వెనక్కి వెనక్కి తప్పుకున్నాను. ఇంత ఖరీదు పెట్టి కూడా సిగ్గుపడాల్సి వచ్చిందేనని చాలా రోజులు బాధగా ఉండేది.

తర్వాత కొట్టులో మా సీనియర్ ఒకాయన నిప్పుపుల్ల పరీక్ష చూపించారు. చొక్కా లోపలి మార్జిన్ లోంచి ఒక పోగు లాగి, నిలువుగా పట్టుకుని కొసకి నిప్పు అంటించాలి. పత్తి అయితే కాగితంలా మండుతుంది, కాలిన కాగితం వాసన వస్తుంది, మిగిలిన బూడిద వేళ్ల మధ్య పెడితే పొడైపోతుంది. పాలిస్టర్ అయితే ముందు కుంచించుకుని, కరిగి, కొసన గట్టిపూస కడుతుంది. చల్లారాక గోటితో నొక్కినా నలగదు. నా నల్ల చొక్కా పోగు కాలిస్తే పూస కట్టింది. గుడ్డ కొనేటప్పుడు తాను అంచున ఒక పోగు అడగండి, మంచి కొట్టువాళ్లు కాదనరు. రెండూ కలిపి నేసినదైతే కొంత బూడిద, కొంత పూస వస్తుంది. అలాంటి మిశ్రమం ప్యాంటుకి పర్వాలేదు, చొక్కాకి వద్దు.

రేయాన్ గురించి కూడా ఒక మాట. ఈమధ్య పూల చొక్కాలన్నీ దాంట్లోనే వస్తున్నాయి. మెత్తగా జారుతుంది, చల్లగానూ ఉంటుంది. కానీ తడిస్తే బలం తగ్గుతుంది, ఉతికితే కుంచించుకుపోతుంది. సరదాకి ఒకటి చాలు.

ఇక భుజం. చొక్కా వేసుకుని అద్దం ముందు నిలబడి చెయ్యి వదిలేయండి. చెయ్యి, భుజం కలిసే కుట్టు సరిగ్గా భుజం ఎముక చివరన ఉండాలి. అంగుళం కిందికి జారితే ఎంత ఖరీదైన చొక్కా అయినా అన్నయ్యది వేసుకున్నట్టు ఉంటుంది. పక్కలు లూజైతే దర్జీ పట్టిస్తాడు, పొడవు తగ్గిస్తాడు, చేతులు కురచ చేస్తాడు. భుజం మార్చాలంటే మాత్రం చేతులు మొత్తం విప్పి మళ్లీ ఎక్కించాలి, ఆ ఖర్చు చొక్కా ధరలో సగం అవుతుంది. కాబట్టి రెడీమేడ్ కొంటే భుజం కుదిరిందా లేదా అన్నది చూసి, కుదరకపోతే అక్కడే పెట్టేసి రండి. కాలరు బొత్తాం పెట్టుకున్నాక రెండు వేళ్లు దూరాలి. ప్యాంటులో దోపుకోకుండా వదిలేసే చొక్కా, ప్యాంటు వెనక జేబు మధ్యకి వచ్చి ఆగాలి. అంతకంటే కిందికి వస్తే కాళ్లు పొట్టిగా కనపడతాయి.

మా నాన్నగారికి రెండే తెల్లచొక్కాలు ఉండేవి. కాలరు మడత దగ్గర మెడకి రాసుకుని చిరిగితే, మా ఊరి దర్జీ బాబాయి దగ్గరికి నన్ను పంపేవారు. ఆయన బ్లేడుతో కాలరు కుట్టు విప్పి, చిరిగిన వైపు లోపలికి పోయేలా తిరగేసి, పాత కుట్టు గుర్తుల మీదే మళ్లీ కుట్టేసేవారు. పావుగంట పని. తెచ్చి ఇస్తే నాన్నగారు మడత మీద వేలితో ఒకసారి రాసి చూసుకుని, గంజి పెట్టి ఇస్త్రీ చేసుకునేవారు. ఆ రెండు చొక్కాల్లో ఆయన పెళ్లిళ్లకీ వెళ్లారు, బ్యాంకుకీ వెళ్లారు. తక్కువలో ఉన్నట్టు ఒక్కరోజూ కనపడలేదు, ఎందుకంటే అవి ఆయన కొలతకి కుట్టినవి.

ఇప్పుడు మీ 2,000. కొట్టుకి వెళ్లకముందు బీరువాలో ఉన్నవన్నీ తీసి మంచం మీద పరవండి. భుజం కుదిరి, పక్కలు లూజుగా ఉన్న చొక్కాలు రెండు మూడైనా దొరుకుతాయి. వాటిని పక్కలు పట్టించడానికి మా వైపు ఒక్కోదానికి 60 తీసుకుంటున్నారు. రెండు చొక్కాలకి 120 పోయినా మీకు రెండు కొత్త చొక్కాలు వచ్చినట్టే. మీరు కొనబోయే అన్నిటికంటే చవక ఇదే.

తర్వాత ఒక ముదురు నీలం జీన్స్. తొడల దగ్గర తెల్లగా గీకినవి, చింపినవి వద్దు. రంగు ఒకేలా ఉండేది 800, 900 మధ్య దొరుకుతుంది. చొక్కా ఏ రంగైనా దాని మీద నప్పుతుంది, వారానికి మూడుసార్లు వేసినా ఎవరూ గుర్తుపట్టరు. కాళ్లకి అతుక్కునేది మన వాతావరణానికి పనికిరాదు. మోకాలి దగ్గర గుప్పెడు గుడ్డ చేతికి వచ్చేలా, కింద బాటమ్ కొంచెం తగ్గేలా చూసుకోండి.

మిగిలిన దాంట్లో ఒక చొక్కా కుట్టించుకోండి. పన్నా అంటే గుడ్డ వెడల్పు. 58 అంగుళాల పన్నా గుడ్డ అయితే 40 సైజు వరకు ఫుల్ హ్యాండ్స్‌కి 1.6 మీటర్లు సరిపోతుంది. పన్నా 36 అంగుళాలే అయితే రెండుంపావు మీటర్లు కావాలి. చాలామంది మీటరు ధర ఒక్కటే చూసి పన్నా అడగరు, తీరా దర్జీ దగ్గరికి వెళ్లాక గుడ్డ చాలదు. మీటరు 200 ఉన్న మంచి కాటన్ తీసుకుంటే 320, మా తణుకులో కుట్టుకూలి 400. మొత్తం 720. ఆ గుడ్డని దర్జీకి ఇచ్చే ముందు రాత్రి బకెట్లో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి, అప్పుడు ఇవ్వండి. కుట్టాక కుంచించుకుంటే ముందు పోయేది చేతుల పొడవే. ద్వారపూడి హోల్‌సేల్ మార్కెట్టుకి గానీ తాడితోటకి గానీ ఎప్పుడైనా వెళ్తే కట్ పీసులు వెతకండి. తాను చివర మిగిలిన ముక్కలు కాబట్టి ధర బాగా తగ్గుతుంది, చొక్కాకి కావలసినంత ముక్క తరచు దొరుకుతుంది. 2,000లో ఇంకా ఏమైనా మిగిలితే ఒక తెల్ల రౌండ్ నెక్ టీషర్టు. వెలుగుకి అడ్డం పెట్టి చూడండి, వెనక మీ వేళ్లు స్పష్టంగా కనపడితే రెండు ఉతుకులకే వదులైపోతుంది.

రంగుల విషయంలో చెమటని లెక్కలోకి తీసుకోండి. తడి ఎక్కువగా బయటపడేది బూడిద రంగు మీద, తర్వాత లేత నీలం మీద. తెలుపు, ముదురు నీలం, సన్న గళ్లు, సన్న చారలు దాన్ని బాగా దాస్తాయి. ఆఫీసుకి బస్సులో వెళ్లే వాళ్లకి ఇది చాలా పనికొచ్చే సంగతి, కొట్టులో మాత్రం ఎవరూ చెప్పరు. నలుపు ఎండకి వేడెక్కుతుంది, ఉప్పు చారల సంగతి పైన చెప్పాను.

5,000 చేతికొచ్చిన నెలలో రెండో ప్యాంటు, చెప్పులు. లేత గోధుమ రంగులో గానీ ఆలివ్ పచ్చలో గానీ కాటన్ ప్యాంటు ఒకటి తీసుకోండి, 1,100 దాకా అవుతుంది. నేనైతే గోధుమ రంగే తీసుకుంటాను గానీ, జూలై నుంచి అక్టోబరు దాకా రోడ్డు మీద బురద చిమ్మే రోజుల్లో ఆలివే మేలు. మడమల దగ్గర నల్లమట్టి మరక గోధుమ రంగు మీంచి ఒక పట్టాన పోదు. కాళ్లకి 1,200 పెట్టండి, ఇందులో కక్కుర్తి వద్దు. ఇంత చక్కగా తయారై, పాదాల దగ్గర అరిగిన హవాయి చెప్పులుంటే చూసేవాళ్ల కళ్లు అక్కడే ఆగుతాయి. వెనక పట్టీ ఉన్న గోధుమ రంగు తోలు శాండల్స్ జీన్స్ మీదికీ కాటన్ ప్యాంటు మీదికీ నప్పుతాయి. వానాకాలంలో మాత్రం తోలు తీసి దాచేసి, తడిసినా ఫర్వాలేని వాటిని వాడండి. మిగతా డబ్బుతో రెండు చొక్కాలు, ఒక కాలరు టీషర్టు వస్తాయి. చొక్కాల్లో ఒకటి హాఫ్ హ్యాండ్స్ కుట్టించుకోండి. చేతి అంచు మోచేతికి రెండు మూడు అంగుళాల పైన ఆగాలి, మోచేతిని మూసిందంటే గొడుగులా విచ్చుకుంటుంది.

ఇప్పటికి రెండు ప్యాంట్లు, సరిచేయించిన రెండు పాతవాటితో కలిపి ఐదు చొక్కాలు, రెండు టీషర్టులు. పై బట్ట ఏదైనా రెండు ప్యాంట్లలో దేని మీదికైనా పోవాలి. ఒక్కదాని మీదికే నప్పే చొక్కా చేతిలోకి తీసుకుంటే తిరిగి పెట్టేయండి.

సంక్రాంతికి 10,000 అన్నారు కదా, మొత్తం ఒక్కసారే పెట్టాలని లేదు. ఒక లినెన్ చొక్కా కొనండి. అవిసె నార గుడ్డ అది, పత్తి కంటే ఎక్కువ తేమ పీలుస్తుంది, బాగా గాలాడుతుంది. నలుగుతుంది, ఆ నలుగుడే దాని అందం, గంటకోసారి సర్దుకోకండి. దాని కంటే నాకిష్టమైనది చేనేత. రాష్ట్ర చేనేత సహకార సంఘం ఆప్కో షోరూముల్లో మీటర్ల లెక్కన గుడ్డ దొరుకుతుంది. మంగళగిరి కాటన్ తీసుకుని జీన్స్ మీదికి పొట్టి కుర్తా కుట్టించుకుంటే పండగకీ సరిపోతుంది, శుక్రవారం ఆఫీసుకీ సరిపోతుంది. చేనేతకి పేరున్న బండారులంక మీ ఊరి పక్కనే ఉంది. పండగకి ఇంటికి వచ్చినప్పుడు ఒకసారి వెళ్లండి, మగ్గం మీద గుడ్డ ఎలా దిగుతుందో చూసినవాడు మళ్లీ గుడ్డ కొనేటప్పుడు చేత్తో తడిమి చూస్తాడు.

బ్రాండు చొక్కాల జోలికి వెళ్తే ఒక లెక్క గుర్తుంచుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒక్కో బట్ట పన్ను కలపని ధర 2,500 లోపు ఉంటే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. పన్ను కలపక ముందు 2,600 ఉన్న చొక్కా కంటే 2,400 ఉన్న చొక్కా నిజంగానే చాలా చవక. డిస్కౌంట్ బోర్డు చూసి ఆశపడి రెండు కొంటే ఒకటి ఉచితం అన్న చోట దూరకండి. ఆ ఉచితం దానికి మీ భుజం కుదరడం అరుదు.

ఉతికేటప్పుడు జీన్సూ రంగు చొక్కాలూ తిరగేసి ఉతికి, నీడలో ఆరేయండి. మన ఎండకి ముందు పోయేది భుజాల మీద రంగు.

కాకినాడలో చేరిన మొదటి వారంలోనే రూము దగ్గర ఒక దర్జీని వెతుక్కోండి. కొత్త గుడ్డ వెంటనే ఇవ్వకండి. పాత చొక్కా ఒకటి తీసుకెళ్లి పక్కలు పట్టించమని అడగండి. ఆయన టేపు తీసేముందు చొక్కా తొడుక్కోమని, వెనక్కి వచ్చి నిలబడి, రెండు వేళ్లతో మీ భుజం ఎముక దగ్గర కుట్టు పట్టుకుని చూశాడనుకోండి, మర్నాడే వెళ్లి నానబెట్టి ఆరేసిన ఆ 1.6 మీటర్ల గుడ్డ ఆయన చేతిలో పెట్టేయండి.