కారు పడని లాబ్రడార్‌తో మొదటి వీకెండ్: సక్లేశ్‌పూర్ వద్దు, కనకపుర వైపు చూడండి

కారెక్కితే వాంతి చేసుకునే కుక్కని మొదటిసారే బెంగళూరు నుంచి 220 కిలోమీటర్ల దూరంలోని, కాఫీ తోటలుండే సక్లేశ్‌పూర్‌కి తీసుకెళ్లొద్దండి, పాపం అది నలిగిపోతుంది. బెంగళూరుకి దగ్గర్లోని కనకపుర వైపు, రెండు గంటల్లో చేరే అద్దె తోట ఇల్లు ఏదైనా చూడండి. బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు తిండి పెట్టకండి, నీళ్లు మాత్రం ఇవ్వండి. అయినా వాంతులు ఆగకపోతే వెటర్నరీ డాక్టర్‌ని మందు అడగండి.

ప్రకటనలో కుక్కలకు అనుమతి ఉందని రాసినంత మాత్రాన డబ్బు కట్టేయకండి. కొన్నిచోట్ల తీరా వెళ్లాక బయట షెడ్డులో కట్టేయమంటారు, కాబట్టి ముందే ఓనర్‌కి ఫోన్ చేసి గదిలో పడుకోనిస్తారా, చుట్టూ కంచె ఉందా, తోటలో వేరే కుక్కలున్నాయా అని గట్టిగా అడగండి. అడవి అంచు ఊళ్లలో చిరుతలు కుక్కల్ని ఎత్తుకెళ్తాయి. చీకటి పడ్డాక వరండాలో కూడా ఒంటరిగా వదలకండి, ఇది మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు.

తర్వాతెప్పుడైనా సక్లేశ్‌పూర్ లాంటి కాఫీ తోటలకు వెళ్తే వానాకాలంలో జలగలు, ఏ కాలమైనా పిడుదులు పడతాయి. ముందే పిడుదుల మందు వేయించండి, తిరిగొచ్చాక చెవుల్లో, వేళ్ల సందుల్లో వెతకండి. దాని పాత దుప్పటి, రేబీస్ టీకా కార్డు వెంట ఉండాలి. బండీపుర, నాగరహొళె అడవుల్లోని సఫారీలకు కుక్కల్ని రానివ్వరు, ఆ ఆశ ఉంటే ఈసారికి పక్కన పెట్టండి.