సెంట్రింగ్ పనికి వస్తానన్న మేనల్లుడికి

పోరూరు, చెన్నై.

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఇంటర్ తరువాత చదువు ఆపి, చెన్నై వచ్చి నా దగ్గర సెంట్రింగ్ పనిలో, అంటే కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని మోసే పలకలు, ఊతాలు కట్టి విప్పే పనిలో, చేరాలనుకుంటున్నట్టు నీ ఉత్తరం చదివి తెలుసుకున్నాను. 31 ఏళ్లుగా ఈ పని మీదే ఇల్లు నడుపుకుంటున్నవాణ్ని, వద్దనే నోరు నాకు లేదు. అయితే నేరుగా నా ముఠాలోకి రావద్దు. కొన్ని నెలలైనా శిక్షణ కేంద్రంలో నేర్చుకుని, ఆ తరువాతే రా.

హెల్పరుగా చేరినవాడికి సైటులో ఎవరూ ఆగి నేర్పరు. శ్లాబు వేసే రోజు దగ్గరపడితే మేస్త్రికి ఊపిరి ఆడదు. ప్లైవుడ్ మోయడం, మేకులు అందించడం, పలకలకు నూనె పూయడం తప్ప కుర్రవాడికి ఇంకేమీ దక్కదు. నేను ఆరేళ్లు అలాగే మోశాను. చేతికి పని వచ్చింది గాని, అలా ఎందుకు చేయాలో తెలియలేదు. ఆ తెలియనితనానికి ఒకసారి మూల్యం చెల్లించాను. ఒక మూడంతస్తుల ఇంటికి బాల్కనీ సెంట్రింగ్ విప్పమని మేస్త్రి నాకు అప్పగించి వెళ్లాడు. గోడ దగ్గర నిలబడడం తేలిక కనుక అక్కడి జాకీలు, అంటే కింద నిలబెట్టే నిలువు ఊతాలు, ముందు తీసేసి, చివరి వరుసను భోజనం తరువాత చూద్దామని వదిలాను. తిరిగి వచ్చేసరికి బాల్కనీ అడుగున సన్నటి బీట కనిపించింది. దాన్ని పగలగొట్టి మళ్లీ పోశారు. నా కూలిలో పదిహేను రోజులది కోసేశారు.

బాల్కనీ గోడనుంచి చాచిన చెయ్యిలాంటిది. బరువుకు పైభాగం సాగుతుంది కాబట్టి అందులో అసలు ఇనుము పైన ఉంటుంది. చివర జాకీలు ఉంచి మిగిలినవి తీసేస్తే, అది రెండు వైపులా ఆనుకున్న శ్లాబులా నడుమ వంగి, ఇనుము లేని అడుగుభాగం సాగి చిట్లుతుంది. అందుకే బాల్కనీకి కొసనుంచి గోడవైపు, గది శ్లాబుకు నడుమనుంచి అంచులవైపు విప్పుతూ రావాలి. ఈ సంగతి శిక్షణలో అరగంటలో బొమ్మ గీసి చెబుతారు.

లెక్క కూడా అక్కడే వస్తుంది. 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల గదికి 5 అంగుళాల శ్లాబు వేస్తే దాని బరువు నాలుగు టన్నులు దాటుతుంది. కాంక్రీటుకు బలం వచ్చేవరకు ఆ బరువంతా మన జాకీల మీదే. ఐప్పసి, కార్తిక అనే తమిళ మాసాల వానలకు ఇక్కడి నేల మెత్తబడినప్పుడు జాకీ కింద పలక వేయకపోతే అది నేలలో దిగిపోతుంది, దానితో శ్లాబూ దిగుతుంది. ఎన్నాళ్లు ఉంచాలన్నది కూడా కాంట్రాక్టరు తొందరను బట్టి తేలే విషయం కాదు. కాంక్రీటు పనికి మన దేశంలో పాటించే ఐఎస్ 456 ప్రమాణం 2000 నాటి కూర్పు ప్రకారం, మామూలు సిమెంటు వాడినప్పుడు పిల్లర్ల పక్క పలకలు 16 నుంచి 24 గంటల తరువాత తీయవచ్చు, ఆనుడుల మధ్య దూరం 4.5 మీటర్ల లోపు ఉన్న శ్లాబుకు జాకీలు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. బీములకైతే 6 మీటర్ల లోపు 14, ఆపైన 21 రోజులు. ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిసిన సిమెంటు అయితే ఇంజనీరును అడిగి ఇంకా ఆగాలి. ఈ అంకెలు నోటికి వచ్చినవాడు కాంట్రాక్టరుతో తల ఎత్తి మాట్లాడగలడు.

శిక్షణకు హైదరాబాదులో 1998లో ఏర్పడిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది. ఇక్కడ ఎల్ అండ్ టి సంస్థ 1995లో మొదలుపెట్టిన శిక్షణ కేంద్రం ఉంది. ఎక్కడ చేరినా సరే, రోజుకు ఎన్ని గంటలు సుత్తి, రంపం చేతిలో పెడతారో, డ్రాయింగు చదవడం నేర్పుతారో లేదో ముందు అడుగు. సర్టిఫికెట్టు మాత్రమే ఇచ్చి పంపే చోటు మనకు అక్కరలేదు. రాడ్ బెండింగ్, అంటే ఇనుప కడ్డీలు వంచి కట్టడం, కూడా మంచి పనే, కాని నీ చూపు కొలతల మీద నిలుస్తుందని చిన్నప్పుడే గమనించాను కనుక ఫారంవర్క్ కార్పెంటరీనే, అంటే కాంక్రీటు పోసే అచ్చులను చెక్కతో కట్టే పనినే, తీసుకో. చెక్కపనికి కాలం చెల్లిందని ఎవరైనా అంటే నమ్మకు. ఎత్తైన అపార్ట్‌మెంట్లకు ఇప్పుడు అల్యూమినియం పలకలు, అంటే మనవాళ్లు మైవాన్ అనేవి, వచ్చాయన్నది నిజమే. అయితే అక్కడ ఏ నంబరు పలక ఎక్కడ కూర్చోవాలో డ్రాయింగే చెబుతుంది. అది చదవలేనివాడు ఎంత చేయి తిరిగినవాడైనా మోతకూలీగానే మిగులుతున్నాడు.

మీ అమ్మ భయం నాకు తెలుసు. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో 11 అంతస్తుల భవనం కూలి 61 మంది పోయినప్పుడు, అందులో మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ఎందరో ఉన్నారు. ఆ రాత్రి అక్క నాకు ఎన్నిసార్లు ఫోను చేసిందో లెక్కలేదు. హెల్మెట్టు, ఎత్తులో బెల్టు లేకుండా పని చేయించే చోట నిన్ను ఒక్కరోజు కూడా ఉంచనని ఆమెకు చెప్పు. నిర్మాణ కార్మికుల నిబంధనల ప్రకారం, 18 నుంచి 60 ఏళ్ల లోపువాడు గడిచిన 12 నెలల్లో 90 రోజులు పని చేసి ఉంటే సంక్షేమ బోర్డులో నమోదు కావచ్చు. ఆ రోజుల లెక్క మొదటి రోజునుంచే ఒక పుస్తకంలో రాసుకోవాలి. నేను పదేళ్లు అశ్రద్ధ చేశాను.

ఈలోగా ఇంటి దగ్గర 3, 4, 5 అడుగుల కొలతలతో తాడు పట్టి మూలమట్టం తీయడం సాధన చెయ్యి. శిక్షణ ముగించి వచ్చేటప్పుడు ఆధార్, పదో తరగతి మార్కుల జాబితా అసలువి తీసుకురా. టేపు కొనకు, నా దగ్గర రెండున్నాయి.

ఇట్లు,
మీ మావయ్య