చౌడు అని ఊరుకోకు

చిరంజీవి చిన్నమ్మాయికి, పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీకు బాపట్ల వ్యవసాయ కళాశాలలో సీటు వచ్చిందని మీ నాన్న ఫోను చేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషం సగం, బెంగ సగం. 1945లో మొదలైన కళాశాల అది. మన ఇంట్లో రోజూ ఉడికే సాంబమసూరి, అదే బి.పి.టి. 5204, పుట్టింది ఆ ఊళ్ళోనే.

తరగతులు మానకు, ప్రాక్టికల్ రికార్డు ఏ రోజుది ఆ రోజే రాయి. బ్యాంకు ఉద్యోగాల పరీక్షల పుస్తకాలు మొదటి ఏడాదే ముందేసుకుని కూర్చోకు. తిడుతున్నానని అనుకుంటావేమో, తిడుతున్న మాట నిజమే.

మృత్తికా శాస్త్రం దగ్గర మాత్రం కాస్త ఆగు. మట్టి నమూనా తీయడం చిన్నపిల్లల పని అని నీ తోటివారు నవ్వుతారు. గట్లూ చెట్ల నీడా పెంటకుప్పలు పోసిన చోట్లూ వదిలి, పొలమంతా వంకరటింకరగా నడుస్తూ పది పదిహేను చోట్ల 15 సెంటీమీటర్ల లోతున తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేస్తూ అరకిలో మిగుల్చుకుని నీడన ఆరబెట్టాలి. ఇదంతా నాకూ తెలుసు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

1983లో, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, రేపల్లె వైపు ఒక రైతు తన రెండెకరాలలో తెల్లటి పొర తేలుతోందని, నారు నిలవడం లేదని వచ్చి చెప్పాడు. చౌడు కదా అని, పొలంలో అడుగైనా పెట్టకుండా, ఎకరానికి రెండు టన్నుల జిప్సం వేయమని కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన గేదెను అమ్మి జిప్సం వేశాడు. నాటిన పది రోజులకే నారు కొసలు మాడిపోయింది. ఆయన తెచ్చిన మట్టి అప్పటికీ నా బల్ల కిందనే ఉంది, అదీ యూరియా సంచిలో, పరీక్షకు పనికిరాదు. సిగ్గుపడుతూ నేనే వెళ్ళి సరిగ్గా తీసి పంపితే, ఉదజని సూచిక, అదే పి.హెచ్., 7.8, లవణాలు చెప్పే ఇ.సి. 9 అని వచ్చింది. అంటే క్షారం పెద్దగా లేదు, ఉప్పే ఎక్కువ. అది పాలచౌడు, కారుచౌడు కాదు. కారుచౌడులో మట్టి రేణువులను పట్టుకుని ఉన్న సోడియాన్ని జిప్సంలోని కాల్షియం తోసివేస్తుంది. పాలచౌడులో అలా తోసివేయవలసింది పెద్దగా ఉండదు. ఉన్నది నీటిలో కరిగే ఉప్పు, దాన్ని మంచినీటితో కడిగి మురుగుకాలువలోకి దింపాలి. ఆ పొలానికి మురుగు దారే లేదని నడిచి చూస్తే రెండు నిమిషాల్లో తెలిసేది. కాలువ తవ్వించి, నీరు కట్టి వదిలి, పచ్చిరొట్ట ఎరువుకని జీలుగు చల్లి, పెరిగాక కలియదున్నాక మూడో ఏటికి గాని పంట నిలవలేదు.

ఆయన నన్ను ఒక్క మాటా అనలేదమ్మా. “సారు చెప్పింది మంచిదే, మా నేలకే పట్టలేదు” అని ఊళ్ళో వాళ్ళతో చెప్పుకున్నాడు. ఆ మాట తలచుకుంటే ఈ వయసులోనూ నాకు అన్నం దిగదు.

నాలుగో సంవత్సరంలో మిమ్మల్ని పల్లెల్లో ఉంచి రైతుల దగ్గర పని నేర్పిస్తారు. అక్కడ నీకు ఎండ తగులుతుందని మీ అమ్మ భయపడుతోంది, చీకట్లో గట్ల మీద పాములని మీ నాన్న భయపడుతున్నాడు. టార్చి లేకుండా కదలకు, ఆ మాట నేనూ చెబుతాను. నా భయం మాత్రం వేరు. పట్నం నుంచి చదువుకున్న పిల్ల వచ్చిందని వాళ్ళు నీ మాట వెంటనే నమ్మేస్తారు, ఎదురు ప్రశ్న వేయరు. అడిగిన దానికి “చూసి రేపు చెబుతాను” అనడం నీకు ఇప్పటి నుంచే అలవాటు కావాలి.

ఆ రెండెకరాలను ఇప్పుడు ఆయన కొడుకు చేస్తున్నాడు. దసరా సెలవుల్లో నిన్ను అక్కడికి తీసుకువెళతాను. పార నేను తెస్తాను. నువ్వు ఉతికిన గుడ్డసంచి ఒకటి తెచ్చుకో.

ఇట్లు,
మీ పెదనాన్న