35 నిండకముందే

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. ఉత్తరం అంటున్నాను గానీ అది వాట్సాప్‌లో పదకొండు ముక్కలుగా వచ్చింది. ఆరో ముక్క పంపి మళ్లీ తీసేశావు. రాత్రంతా నాకు దాని మీదే ధ్యాస.

మిగతా పదింటిలో నాకు అర్థమైనదిది. వచ్చే ఏడాదితో నీకు 35 దాటిపోతాయి. చేతిలో ఎనిమిది కథలున్నాయి. ఇంకో నాలుగు గబగబా రాసి డిసెంబరులోగా అచ్చు వేయిస్తే సాహిత్య అకాడెమీ యువ పురస్కారానికి పంపొచ్చు, లేకపోతే ఈ జన్మకి లేదు. పిల్లల కథలు రాస్తే పోటీ తక్కువని ఒక మిత్రుడు చెప్పాడు. మార్చిలో ఢిల్లీలో అకాడెమీ జరిపే సాహిత్యోత్సవానికి వెళితే నలుగురూ పరిచయమవుతారని ఇంకొకరు చెప్పారు. సెలవు పెట్టాలా వద్దా, పుస్తకం వేయాలా వద్దా అని నీకు టెన్షన్. "మీరు ఏం చెబితే అదే మాస్టారూ" అని చివర్లో నా నెత్తిన పెట్టావు.

ముందు వయసు సంగతి. యువ పురస్కారానికి ఆ ఏడాది జనవరి 1 నాటికి 35 దాటకూడదన్న నిబంధన ఉన్న మాట నిజమే. ఆ పురస్కారం 2011లో మొదలైంది. నేను కలం పట్టిన రోజుల్లో అది లేదు కాబట్టి నాకు ఆ దిగులు లేకుండా పోయింది. కానీ అకాడెమీ ప్రధాన పురస్కారం తెలుగులో మొట్టమొదట ఎవరికి వచ్చిందో తెలుసా? 1955లో, 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు. దాన్ని రాసిన సురవరం ప్రతాపరెడ్డిగారు 1953 ఆగస్టులోనే పోయారు. అకాడెమీ ప్రారంభమైంది 1954 మార్చి 12న. అంటే తనకు బహుమతి ఇవ్వబోయే సంస్థ పుట్టక ముందే ఆయన వెళ్లిపోయారు. రచయిత త్రిపురనేని గోపీచంద్‌గారికి కూడా అంతే, 1962లో పోయారు, 1963లో పురస్కారం. విశ్వనాథవారికి 1962లో వచ్చింది, అది కూడా 'వేయిపడగలు'కు కాదు, 'విశ్వనాథ మధ్యాక్కరలు'కు. ఇప్పుడు ఎవరినైనా అడుగు, ఆ రెండిటిలో దేని పేరు ముందు చెబుతారో.

వాళ్లంతటి వాళ్లతో నిన్ను పోల్చడం నా ఉద్దేశం కాదులే, నువ్వు అప్పుడే ఎగిరి గంతెయ్యకు. బహుమతి కాలెండరూ పుస్తకం కాలెండరూ ఒకటి కావని చెబుతున్నాను, అంతే.

నా మొదటి సంపుటి కథ నీకెప్పుడూ చెప్పలేదు. ఏదో ఒక పోటీకి గడువు ముంచుకొస్తోంది, ఏ పోటీయో ఇప్పుడు అనవసరం. తొమ్మిది కథలున్నాయి, పన్నెండు ఉంటే పుస్తకం నిండుగా ఉంటుందన్నారు. మిగతా మూడూ పదకొండు రాత్రుల్లో రాశాను. బహుమతి రాలేదు. అది పెద్ద విషయం కాదు. ఇరవై ఏళ్ల తర్వాత ఒక పెళ్లి విందులో నా పక్కన కూర్చున్నాయన, పప్పులో నెయ్యి వేసుకుంటూ, "మీ మొదటి పుస్తకం మా ఇంట్లో ఉందండీ. చివరి మూడు కథలూ మీవేనా?" అని అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నాకు ముద్ద దిగలేదు. ఐదు వందల కాపీలు వేశాం, సగం ఇంకా అటక మీదున్నాయి. ఆ మూడు కథలనూ అందులోంచి చింపేయలేను కదా.

కాబట్టి నీ నాలుగు కథలూ డిసెంబరు కోసం రాయకు. డిసెంబరులోగా వాటంతటవే వస్తే వద్దనను, పంపు. రాకపోతే ఎనిమిది కథల పుస్తకానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

ఇక రెండోది. పిల్లల కథలకు పోటీ తక్కువన్న ఆ మిత్రుడెవరో గానీ ఎదురుపడితే ఒకసారి నా దగ్గరికి తీసుకురా. బాల సాహిత్య పురస్కారం 2010లో మొదలైతే తెలుగులో తొలిసారి అందుకున్నది కలువకొలను సదానందగారు. తర్వాత కొందరికి ఒక పుస్తకానికి కాదు, జీవితమంతా చేసిన బాలసాహిత్య కృషికే ఇచ్చారు. ఎన్ని దశాబ్దాలు ఆ ఒక్క పనీ చేశారో లెక్క చూడు. వాళ్లున్న వరుసలో అడ్డదారిన దూరదామనుకోవడమేమిటి?

పైగా, పిల్లలు మొహమాటపడరు. పెద్దవాళ్లయితే కథ నచ్చకపోయినా "బాగుందండీ" అంటారు. నేనొకసారి ఆరో తరగతి పిల్లలకు నా కథ చదివి వినిపించాను. ఇంట్లో డబ్బుకు ఇబ్బందై, ఒక కుర్రాడు తను పెంచిన మేకను సంతకు తోలుకెళ్లి అమ్మి వస్తాడు. చివర్లో తండ్రి చేత త్యాగం గురించి అర పేజీ మాట్లాడించాను. ఆ అర పేజీ మొదలవగానే వెనక బెంచీ వాళ్లు గంట వైపు చూడటం మొదలుపెట్టారు. అయిపోయాక, "ఎలా ఉంది?" అన్నాను. ఎవరూ పలకలేదు. రెండో వరసలో ఒక పిల్ల లేచి, "మేకను అమ్మేశాడు కదండీ, మరి తాడు ఏం చేశాడు?" అంది.

ఏం చేశాడు? నాకు తెలీదు. నా కథే, నాకే తెలీదు. మేకతో పాటే ఇచ్చేశాడా, ఇంటికి తెచ్చుకున్నాడా, తెస్తే ఎక్కడ పెట్టాడు, రాత్రి దాన్ని చూశాడా? ఇంటికి వచ్చి తండ్రి ఉపన్యాసం మొత్తం కొట్టేశాను. దాని చోట తాడు పెట్టాను. ఇప్పుడా కథలో కాస్తో కూస్తో బాగున్నదల్లా ఆ పిల్లదే. ఆ పిల్ల పేరు అడగడం కూడా మరిచిపోయాను, అదొక దిగులు.

నువ్వు పిల్లల కథలు రాయాలనుకుంటే రాయి, శుభం. కానీ అచ్చుకు ముందు ఏదైనా సర్కారు బడికి వెళ్లి, హెడ్మాస్టరు అనుమతి తీసుకుని, ఒక పీరియడ్ చదివి వినిపించు. ఏ పేరా దగ్గర కిటికీలోంచి బయటికి చూశారో పెన్సిలుతో గుర్తు పెట్టుకో. ఏ సమీక్షకుడూ నీకు అంత కచ్చితంగా చెప్పలేడు.

ఇక ఢిల్లీ. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నువ్వు వెళ్లాలనే నాకుంది, నువ్వు చెప్పిన కారణానికి కాకపోయినా.

మొదట ఒక సంగతి సరిచూసుకో. ఉత్సవం జరిగే ఆ వారంలో ఇచ్చేవి ప్రధాన పురస్కారాలు. యువ, బాల పురస్కారాల సభలు వేరుగా జరుగుతాయి. బాల సాహిత్యానివి ఎక్కువగా నవంబరులో, బాలల దినోత్సవం దరిదాపుల్లో ఉంటాయి. నువ్వేమో మార్చిలో అక్కడ యువ రచయితలకు దండలు వేస్తుంటారని ఊహించుకున్నట్టున్నావు. ప్రధాన పురస్కారమంటే రాగి ఫలకం, శాలువా, లక్ష రూపాయల చెక్కు. యువ, బాల పురస్కారాలకు యాభై వేలు. చిన్న మొత్తమేం కాదు గానీ, ఇల్లు కట్టేంతా కాదు.

ఉత్సవం మండీ హౌస్ మెట్రో దిగితే దగ్గరే, ఫిరోజ్‌షా రోడ్డులో రవీంద్ర భవన్ ఆవరణలో. ప్రవేశం ఉచితం. 24 భాషల వాళ్లు వస్తారు. అకాడెమీకి 70 ఏళ్లు నిండిన 2024లో మార్చి 11 నుంచి 16 దాకా జరిపితే పదకొండు వందల మందికి పైగా రచయితలు వచ్చారు, సభలు 190. అన్నీ చూద్దామని తిరిగితే తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లలా అవుతావు. ఒకేసారి నాలుగైదు పందిళ్లలో నడుస్తాయి. రోజుకు రెండు చాలు, మిగతా సమయం చెట్టు కింద కూర్చో.

ఒక సాయంత్రం పక్కనే కమానీ ఆడిటోరియంలో పురస్కార ప్రదానం ఉంటుంది. వెళ్లు, చూడు, చప్పట్లు కొట్టు. కానీ నీకు అసలు పనికొచ్చేది మర్నాడు జరిగే రచయితల సమ్మేళనం. ముందురోజు శాలువా కప్పించుకున్న వాళ్లే ఒక్కొక్కరుగా వచ్చి, తాము ఎందుకు రాస్తారో, ఎలా రాస్తారో చెబుతారు. కొన్ని ప్రసంగాలు విసుగే, దాచడమెందుకు. కానీ ఏ సంతాలీ రచయితో, డోగ్రీ కవయిత్రో, మన కంటే చిన్న పాఠకలోకంలో నలభై ఏళ్లుగా రాస్తూ వచ్చానని మామూలుగా చెబుతుంటే, "తెలుగులో చదివేవాళ్లు ఎవరున్నారండీ" అనే మన పాట మనకే వెగటు పుడుతుంది. ఫోటోలు తీసే వాళ్లు ఆ రోజు పెద్దగా ఉండరు. ముందు వరసలో చోటు దొరుకుతుంది.

ఆ వారంలో బడి పిల్లల కోసం కూడా కథలతో, పోటీలతో ఒక కార్యక్రమం పెడుతుంటారు. వెనక నిలబడి అది తప్పకుండా చూడు. భాష అర్థం కాకపోయినా ఫరవాలేదు, వాళ్ల మొహాలు చూడు. ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ కాళ్లు ఊపడం మొదలుపెడతారో.

ఎప్పుడైనా నిన్నే యువ రచయితల సభకు పిలిస్తే ఒక జాగ్రత్త. నీ రచన ముందు తెలుగులో కొంచెం చదివి, తర్వాత హిందీలోనో ఇంగ్లీషులోనో వినిపించాలి. ఆ అనువాదం రైల్లో కూర్చుని చేయకు. నేను చేశాను. అవ్వ అలిగి మంచం ఎక్కిందని నా కథలో ఉంటే, ఇంగ్లీషులో దాన్ని కోపం చేసి పడేశాను. అయిపోయాక ఒక మణిపురి కవి వచ్చి, "మీ అవ్వ అంత కోపిష్టి ఎందుకండీ?" అన్నాడు. అలకకూ కోపానికీ ఉన్న తేడా ఆయనకు వివరించేసరికి టీ చల్లారిపోయింది. ఆయన విని, తమ భాషలోనూ అలాంటి మాట ఒకటుందని నవ్వాడు. ఇప్పుడైతే ఆ మాటను 'అలక'గానే ఉంచి, పక్కన వాక్యంలో అవ్వ చేసే పనుల్లో దాన్ని చూపిస్తాను. 2024లో తెలుగు యువ పురస్కారం వచ్చిన రమేశ్ కార్తీక్ నాయక్ కథల పుస్తకం పేరే చూడు, 'ఢావ్లో'. బంజారా మాట. తెలుగు పాఠకులకు సులువు కావాలని మార్చలేదు. మనమే ఆ మాట దగ్గరికి నడిచి వెళ్లాం.

ఇంకొకటి. ఎనిమిది నిమిషాలిస్తే ఏడింటికి ఆపు. అధ్యక్షులవారు చీటీ పంపే దాకా తెచ్చుకుంటే ఆఖరి పేజీ ఎవరూ వినరు, అందరూ ఆ చీటీనే చూస్తారు.

నలుగురితో పరిచయాల గురించి నాకు పెద్దగా చెప్పడానికి లేదు. విజిటింగ్ కార్డులు పంచకు. నీకు నచ్చిన ఒక్కరి పుస్తకం అక్కడి దుకాణంలో కొని, చదివి, ఊరికి వచ్చాక వాళ్లకు ఉత్తరం రాయి.

సెలవు పెట్టు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో రిజర్వేషన్ తెరవగానే టికెట్ తీసుకో, మార్చి దగ్గర పడితే దొరకదు. ఒక మధ్యాహ్నం అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి వెళ్లు, లైను ఉంటుంది, ఓపిక పట్టు. పప్పు రెండోసారి అడిగితే వేస్తారు.

తిరిగి వచ్చాక నీ ఎనిమిది కథల్లో ఆ చేపల బజారు కథ మళ్లీ పంపు. చేపలమ్మే ఆవిడ సాయంత్రం ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయిందని ముగించావు. ఆ గంప కింద వేసుకునే చుట్టగుడ్డ సంగతి మరిచిపోయావు. ఖాళీ గంపకు కూడా అది వేసుకుంటుందా, లేక చేతిలో పట్టుకుంటుందా? ఓసారి పొద్దున్నే బజారుకు వెళ్లి చూసి రా.

ఆ ఆరో ముక్కలో ఏం రాశావో కూడా చెప్పు.

మీ మాస్టారు