ఆ ఫోన్‌ని వదలొద్దు: ఒక కొత్త రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి,

నీ నవల చదివాను. మొదట హాయిగా, తర్వాత పెన్సిల్ పట్టుకుని.

రాతప్రతితో పాటు పంపిన ఉత్తరంలో "ఇది సీరియస్ నవల కాదండీ, ఏదో వేసవి సెలవుల్లో చదువుకోడానికి" అని సంజాయిషీ ఇచ్చుకున్నావు. ముందు ఆ సిగ్గు మానెయ్. సెలవుల్లో ఉన్న మనిషి ఏ పేజీలోనైనా పుస్తకం మూసేసి నిద్రపోగలదు. ఆమె చేత తర్వాతి పేజీ తిప్పించడం చేయి తిరిగినవాళ్ళకే కష్టం. నీకు ఆ చేయి ఉంది. ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు బరువు ఎక్కువైతే అక్క నడివేసవిలో మూడు స్వెట్టర్లు వేసుకుని విమానం ఎక్కే చోట నేను పైకే నవ్వాను.

ఇక అసలు సంగతి. నీ పుస్తకంలో రెండు నవలలున్నాయి. ఒకటి, అమ్మ పోయిన అక్కచెల్లెళ్ళది. రెండోది, గ్రీస్‌లోని నాక్సోస్ దీవిలో తవెర్నా (చిన్న భోజన హోటల్) నడిపే కుటుంబంలోని అబ్బాయితో చెల్లెలి ప్రేమ. రెండూ వంతులేసుకుని నడుస్తున్నాయి. ఒక ఏడుపు అధ్యాయం, ఒక సముద్రం అధ్యాయం. దీవిలో దిగాక చాలా పేజీల దాకా అమ్మ ఊసే లేదు. తర్వాత ఒక రాత్రి ఉన్నట్టుండి చెల్లెలు వెక్కి వెక్కి ఏడుస్తుంది. అక్కడ నాకు జాలి కలగలేదు. "అవును, వీళ్ళమ్మ పోయింది కదూ" అని గుర్తొచ్చింది, అంతే.

ఇలా ఎందుకైందో నీ భాగాల పేర్లు చూస్తే అర్థమైంది: నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు 1969లో ఆ ఐదు దశల గురించి రాసినప్పుడు ఆవిడ ముందున్నది చావుకి దగ్గరపడిన రోగులు. తమ చావుని వాళ్ళు ఎలా ఎదుర్కొంటున్నారో చెప్పింది. పోయినవాళ్ళ పిల్లలు ఏ నెలలో ఎలా బాధపడాలో టైమ్‌టేబుల్ వేయలేదు. తర్వాత జనం దాన్ని అన్ని దుఃఖాలకీ అంటించేశారు. నవలలు రాసేవాళ్ళకైతే మరీ సుఖమైపోయింది, ఐదు భాగాలు రెడీమేడ్‌గా దొరికాయి.

నీకు ఎక్కువ పనికొచ్చే మాట 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు చెప్పారు. అయినవాళ్ళని పోగొట్టుకున్న మనిషి పోయినవాళ్ళ వైపుకీ, ముందున్న బతుకు వైపుకీ అటూ ఇటూ ఊగుతూ ఉంటుందట. కాసేపు ఫొటో పట్టుకుని కూర్చుంటుంది, కాసేపు బ్యాంకు కాగితాలు చూస్తుంది, ఎవరో జోకేస్తే పకపకా నవ్వుతుంది, మళ్ళీ ఫొటో దగ్గరికి వస్తుంది. మనుషులు తట్టుకునే పద్ధతే అది. అందుకని నీ నవల తేలిగ్గా ఉన్నందుకు తప్పు చేసినట్టు బాధపడకు. ఆ ఊగడం ఒక అధ్యాయం నుంచి ఇంకో అధ్యాయానికి కాకుండా ఒకే సీన్‌లో, కుదిరితే ఒకే మాటలో జరగాలి.

దానికి కావలసిన వస్తువు నీ దగ్గరే ఉంది. మూడో అధ్యాయంలో అక్క తన బట్టల మధ్య అమ్మ ఫోన్ పెట్టుకుని వచ్చిందనీ, రాత్రిళ్ళు చెల్లెలికి తెలియకుండా ఛార్జింగ్ పెడుతుందనీ రాశావు. రెండు వాక్యాలు రాసి మర్చిపోయావు! అమ్మాయీ, నీ నవల అదే. పదకొండో అధ్యాయంలో చెల్లెలు డైరీలో అమ్మకి ఉత్తరాలు రాస్తుందే, ఆ డైరీ తీసి పారెయ్. అమ్మ నంబరుకే మెసేజ్‌లు పెట్టించు. ఆ ఫోన్ ఇంట్లో బీరువాలో స్విచాఫ్ అయి ఉందని చెల్లెలి నమ్మకం. ఎవరూ చదవరు కదా అని ఆ అబ్బాయి గురించి అన్నీ రాసేస్తుంది. అవతలి మంచం మీద, దుప్పటి కింద, ఆ ఫోన్ వెలుగుతుంది.

ఇప్పుడు చూడు ఎన్ని పనులు ఒకేసారి జరుగుతున్నాయో. అక్కకి చెల్లెలి ప్రేమ సంగతి తెలిసిపోయింది. అడగలేదు. అడిగితే ఫోన్ తన దగ్గరే ఉందని, ఇన్నాళ్ళూ చదువుతున్నానని ఒప్పుకోవాలి. కానీ ఊరుకోనూ లేదు, అక్క కదా. టిఫిన్ తింటూ తింటూ, "సిగరెట్లు మానేస్తానని చెప్పే మగాళ్ళని నమ్మకూడదు" అంటుంది. చెల్లెలు తలెత్తి, "ఇప్పుడు సిగరెట్ల గొడవ ఎందుకొచ్చింది?" అంటుంది. ఇది కామెడీ. తర్వాత ఒక రాత్రి అక్క జవాబు రాయబోయి, పంపకుండా చెరిపేస్తుంది. అదే సమయంలో చెల్లెలు తన ఫోన్ చూస్తూ ఉంటుంది. అమ్మ పేరు కింద "టైపింగ్" అని కనిపించి మాయమవుతుంది. ఆ పేజీ చదివేవాళ్ళు నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేరు. పక్కనే ఏడుపు అధ్యాయం వేరేగా పెట్టాల్సిన అవసరం ఉండదు.

ఆ తర్వాత వచ్చే పోట్లాటే నీ పుస్తకానికి గుండెకాయ. దాని కోసం ముందు నుంచీ ఒక విషయం సిద్ధం చేసుకో: వీళ్ళిద్దరికీ పోయింది ఒక్క అమ్మ కాదు. అక్క పోగొట్టుకున్నది ఆసుపత్రిలో తను నోటికి చెంచా అందించిన మనిషిని. చెల్లెలు పోగొట్టుకున్నది ఫోన్‌లో "నాకేం, బాగానే ఉన్నా" అని అబద్ధం చెప్పిన మనిషిని. ఎవరి అమ్మ నిజమైన అమ్మ అని ఇద్దరికీ లోపల పంతం. నీ రాతప్రతిలో వీళ్ళు మరీ మంచిగా ఉన్నారు. ప్రతి గొడవా కౌగిలింతతో ముగుస్తోంది. ఒకటి రెండు గొడవల్ని అలాగే వదిలెయ్, మర్నాడు పొద్దున బాత్రూమ్‌కి ముందు ఎవరు వెళ్ళాలన్న దగ్గర మళ్ళీ బయటికి రానీ.

సంభాషణల గురించి ఒక ఫిర్యాదు ఉంది. నీ చెల్లెలు అంటుంది: "అక్కా, మన అమ్మ ముప్ఫై ఏళ్ళు లెక్కల టీచరుగా పనిచేసి మనల్ని ఎంత కష్టపడి పెంచిందో గుర్తుందా?" ఏ చెల్లెలూ అక్కతో ఇలా మాట్లాడదు. ఇద్దరికీ తెలిసిందాన్ని ఇద్దరూ చెప్పుకోరు. తవెర్నాలో బిల్లు వచ్చాక మాట్లాడించు:

"అమ్మ ఉంటే ఈ బిల్లు మూడుసార్లు కూడేది."

"నాలుగోసారి నీ చేత కూడించేది."

"అవును మరి. నిన్ను అడగదుగా, నువ్వు ఫస్ట్ ర్యాంకు."

అమ్మ టీచరని తెలిసింది, ఎవరంటే ముద్దో తెలిసింది, ఎక్కడ పుండు ఉందో తెలిసింది. మూడు లైన్లు.

ఇక నాక్సోస్. తెల్ల గోడలు, నీలి తలుపులు, సూర్యాస్తమయం. ఇవి ఏ బ్రోషర్‌లోనైనా ఉంటాయి. ఆగస్టులో వానలో తడుస్తూ ముద్దు పెట్టించావు. నాక్సోస్ ఉన్న సిక్లడీస్ దీవుల్లో జూలై, ఆగస్టుల్లో వాన దాదాపు పడదు. పడేది గాలి దెబ్బ. మెల్టెమి అనే ఉత్తరపు గాలి రోజుల తరబడి వీస్తుంది. ఆకాశంలో మబ్బు ఉండదు, కానీ గాలి మరీ ముదిరితే ఓడలు రేవు దాటవు. దీన్ని వాడుకో. అక్క కోపంగా సూట్‌కేసు సర్దుకుని ఏథెన్స్ రేవు పిరేయస్‌కి వెళ్ళే ఓడ ఎక్కుదామని రేవుకి వస్తుంది, ఓడ లేదు. ఫోన్ గొడవ బయటపడ్డాక ఇద్దరూ రెండు రోజులు ఒకే గదిలో, టపటపా కొట్టుకునే కిటికీ తలుపుల మధ్య ఉండాల్సిందే. వాన కంటే ఇది నీకు ఎక్కువ పని చేసి పెడుతుంది.

రేవు పక్కన నిలబడి ఉండే పెద్ద పాలరాతి ద్వారం గురించి టూరిస్టు గైడు చేత పేజీన్నర చెప్పించావు. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో మొదలుపెట్టి పూర్తి చేయని గుడి తాలూకు ద్వారమది, నిజమే. కానీ ఆ దీవికి నీ కథతో ఉన్న అసలు చుట్టరికం నీకు తట్టలేదు. గ్రీకు పురాణంలో, తనని కాపాడిన రాకుమారి అరియాడ్నెని వీరుడు థీసియస్ నిద్రలో వదిలేసి వెళ్ళిపోయింది ఈ దీవిలోనే. తర్వాత మద్యం దేవుడు డయొనైసస్ వచ్చి ఆమెని పెళ్ళాడాడు. థీసియస్ తర్వాత ఎవరిని చేసుకున్నాడో తెలుసా? అరియాడ్నె చెల్లెలు ఫీడ్రాని. అక్కచెల్లెళ్ళు, పరాయి ఒడ్డు, పోగొట్టుకోవడం, కొత్త ప్రేమ. అన్నీ అక్కడే పడి ఉన్నాయి. దీన్ని గైడు నోట పెట్టకు. చెల్లెలు ఎక్కడో చదివి, "చూశావా, అక్కలు వదిలేసిన సరుకే చెల్లెళ్ళకి" అని వెక్కిరిస్తే చాలు.

ఆ అబ్బాయి విషయంలో నువ్వు మరీ ఉదారంగా ఉన్నావు. తవెర్నాలో పనిచేసేవాడికి ఆగస్టులో సాయంత్రాలు ఖాళీ ఉండవమ్మా. ఏడాది బతుకు ఆ కొద్ది నెలల్లోనే సంపాదించుకోవాలి. వాడు చెల్లెల్ని కలవాలంటే అర్ధరాత్రి దాటాక, కాళ్ళు నొప్పులతో, చేతులకి వేపుడు వాసనతో రావాలి. అలా వస్తే నేను నమ్ముతాను. వాడికీ ఒక కోరిక ఉండనీ, ఏదైనా చిరాకు ఉండనీ. "నువ్వు వచ్చాక నా బాధంతా పోయింది" అని చెల్లెలు అనే వాక్యం కింద నేను గట్టిగా గీత గీశాను. కొట్టెయ్. వాడు మందు బిళ్ళ కాదు. వాడి వల్ల చెల్లెలికి అమ్మ ఇంకా ఎక్కువ గుర్తు రావాలి, ఎందుకంటే చెప్పుకోవాల్సిన కబురు వచ్చింది, వినాల్సిన మనిషి లేదు.

ఆగస్టు 15 నీ కథా కాలంలోనే ఉంది, గమనించలేదు. గ్రీకు చర్చికి ఆ రోజు మరియమ్మ పరమపదించిన పండుగ. చాలా ఊళ్ళలో భోజనాలు, పాటలు, తెల్లవార్లూ డాన్సులు. ఒక తల్లి మరణం పేరు మీద ఊరంతా ఆడుతుంటే ఈ ఇద్దరూ ఏం చేస్తారు? నాకు తెలుసుకోవాలని ఉంది. ఇంకోటి: అక్కడ పోయినవాళ్ళ స్మరణ పూజల్లో ఉడికించిన గోధుమలు, చక్కెర, గింజపప్పులు, దానిమ్మ గింజలు కలిపిన కోలివా పంచుతారు. చర్చి బయట ఎవరో ముసలావిడ అక్క చేతిలో చిన్న పొట్లం పెట్టనీ. అక్క స్వీటనుకుని తినేసి, బాగుందని ఇంకోటి అడిగి తీసుకోనీ. అదేమిటో ఆ అబ్బాయి ద్వారా ఆ రాత్రి తెలియనీ.

డబ్బు సంగతి ఎక్కడా లేదు. ఈ ప్రయాణం ఎవరి డబ్బుతో? అమ్మ దాచిందైతే, ప్రతి ఐస్‌క్రీమ్ దగ్గరా అక్క మొహం మారాలి. జేన్ ఆస్టెన్ 1811 నాటి తన అక్కచెల్లెళ్ళ నవల 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'లో మొదట్లోనే తండ్రిని చంపి, వెంటనే ఇల్లు ఎవరికి, ఆదాయం ఎంత అన్న లెక్కలోకి దిగింది. అంత సరదా నవలకి పునాది ఆ లెక్కే.

వీసా కూడా చూసుకో. జూన్ మొదట్లో దిగిన చెల్లెలు అక్టోబర్ చివరిదాకా అక్కడే తిరుగుతోంది. గ్రీస్‌తో సహా ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాల్లో టూరిస్టు ఉండగలిగేది 180 రోజుల్లో 90. సెప్టెంబర్ మొదటికల్లా ఆమె విమానం ఎక్కాలి. ఇది నీకు అడ్డం అనుకోకు. ఇప్పటిదాకా కథకి లేని గడువు దొరికింది. చివర్లో పెళ్ళి అక్కర్లేదు, వాడు శీతాకాలంలో తవెర్నా మూసేశాక వస్తానన్నాడంటే చాలు, వస్తాడో రాడో మేం చూసుకుంటాం.

ముందు మూడు, పదకొండు అధ్యాయాలు తిరగరాయి. ఆ ఐదు భాగాల పేర్లు తీసెయ్. గాలి అధ్యాయం పూర్తయితే అదొక్కటే పంపు, మొత్తం కట్ట పంపకు, నా కళ్ళు మునుపటిలా లేవు. స్వెట్టర్ల జోలికి మాత్రం వెళ్ళకు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి