ఎడారి నేలలో మామిడి: ఎండ కంటే ఉప్పుతోనే ఎక్కువ జాగ్రత్త

ఎడారి వాతావరణంలో నాటిన మామిడి అంటు వేసవి రాగానే మాడిపోతోందని, నీడ కల్పిస్తే బతుకుతుందా అని అడిగారు. నీడ అవసరమే కాని, అది ఒక్కటే చాలదు. వేళ్లకు నీరు సక్రమంగా అందుతుంటే మామిడి 45 డిగ్రీల ఎండనైనా తట్టుకుంటుంది. ఇలాంటి నేలలో ఏళ్ల తరబడి మామిడి పెంచుతున్న నా అనుభవంలో, చెట్టును ఎక్కువగా దెబ్బతీసేది నీటిలోనూ మట్టిలోనూ ఉండే ఉప్పు.

ముందుగా ఒక ముదురు ఆకును కోసి పరిశీలించండి. కొస దగ్గర మొదలైన మాడు అంచుల వెంబడి లోపలికి పాకుతుంటే అది ఉప్పు లక్షణం. పడమటి ఎండ తగిలే వైపు ఆకుల నడుమ మచ్చలు పాలిపోయి ఎండుతుంటే అది ఎండదెబ్బ.

రోజూ కొద్దికొద్దిగా నీరు పోస్తే పైమట్టి మాత్రమే తడిసి, ఆ నీరు ఆవిరైపోయి, అందులోని ఉప్పు వేళ్ల చుట్టూ పేరుకుంటుంది. అందుకే తడికీ తడికీ మధ్య ఎడం ఇచ్చి, పెట్టినప్పుడు మాత్రం రెండు మూడు అడుగుల లోతు వరకు నాననివ్వాలి. అప్పుడే ఉప్పు వేళ్ల కిందికి కొట్టుకుపోతుంది. డ్రిప్ పెట్టిన చోట తడి వలయం అంచున తెల్లటి పొర కనబడుతుంది, చూడండి. చిరుజల్లు పడితే ఆ ఉప్పు కరిగి తిరిగి వేళ్ల మీదికే వస్తుంది కనుక, ఎడారిలో అరుదుగా కురిసే ఆ కాస్త వానలోనూ నేను డ్రిప్ ఆపను. అయితే అడుగున గట్టి సున్నపురాతి పొర ఉంటే ఈ శ్రమంతా వృథా అవుతుంది. నాటే ముందే గుంత నిండా నీరు పోసి, ఇంకుతుందో లేదో చూసుకోవాలి; ఇంకకపోతే ఆ పొరను పగలగొట్టాలి, లేదా చోటు మార్చాలి.

ఎరువులలో మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ వద్దు. అందులోని క్లోరైడ్ మామిడికి పడదు, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ మేలు. ఈనెలు పచ్చగా ఉండి లేత ఆకులు పసుపు రంగుకు తిరిగితే ఇనుము అందడం లేదని అర్థం. సున్నం ఎక్కువగా ఉన్న నేలలో మామూలు ఫెర్రస్ సల్ఫేట్ వేసినా మొక్కకు అందకుండా పోతుంది కాబట్టి, ఈడీడీహెచ్ఏ రకం ఇనుప చీలేటు (సున్నపు నేలలోనూ ఇనుమును వేళ్లకు అందేలా పట్టి ఉంచే ఎరువు) వాడండి.

ఇక నీడ సంగతి. మొదటి రెండు వేసవులు పడమర వైపు షేడ్‌నెట్ కట్టి, కాండానికి సున్నం పూసి, పాదులో నాలుగంగుళాల మందాన ఎండుటాకులు పరచండి; అవి మొదలుకు మాత్రం తగలకూడదు. నాటడానికి చలి పూర్తిగా తగ్గిన తరువాతి రోజులే మంచివి, ఎందుకంటే లేత అంటు మంచు గడ్డకట్టే చలికి నిలవదు.

ఇప్పుడు మాడిన ఆకులను వెంటనే కత్తిరించకండి. అవి ఎండినా లేత బెరడుకు నీడనిస్తాయి. గోటితో కొమ్మను కొద్దిగా గీరినప్పుడు లోపల పచ్చగా కనిపిస్తే అది ఇంకా బతికే ఉంది. ఎండ తగ్గి కొత్త చిగురు గట్టిపడ్డాకే కత్తిరింపు, ఎరువు మొదలుపెట్టండి.